తెనాలిలో అమ్మ చేత పవర్ ఆఫ్ అటార్నీ రాయించిన అనుభవం

తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు దగ్గర్లోనే ఒక సందులో, జెరాక్స్ షాపు పక్కన బోర్డు కూడా లేని చిన్న గది. అందులో కూర్చునే దస్తావేజు లేఖరి మొదటిసారి మమ్మల్ని ఉత్త చేతులతో పంపేశారు. ఆయన మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

పోయినేడు మా బాబాయికి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ మాట లేదు, మనిషిని గుర్తుపట్టరు. డిపాజిట్లన్నీ ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్నాయి. ఆసుపత్రి బిల్లు కట్టడానికి పిన్ని బ్యాంకుకు వెళ్తే, "నామినీ మీరే, కానీ నామినీకి ఇచ్చేది ఆయన పోయాకమ్మా" అన్నారట. ఆ మాట విని పిన్ని అక్కడే మెట్ల మీద కూలబడిపోయింది.

బాబాయి వేలిముద్ర వేయించి పిన్ని పేరున పవర్, అంటే తన తరఫున పనులు చూసుకునే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం, రాయిద్దామని ఆ లేఖరి దగ్గరికి వెళ్లాం. "నేను వచ్చి ఆయనతో రెండు మాటలు మాట్లాడొచ్చా?" అని అడిగారు. కుదరదన్నాం. "ఏం రాసిస్తున్నాడో తెలియని మనిషి చేత వేలిముద్ర వేయిస్తే రేపు అదే మీ మెడకు చుట్టుకుంటుంది. నేను రాయను" అన్నారు. డబ్బు ఎక్కువిస్తామన్నా వినలేదు. ఇక హైకోర్టులో రిట్ వేసి పిన్నిని ఆయనకు గార్డియన్‌గా నియమించమని అడగడమే దారి, మంచి వకీలును చూసుకోండి అన్నారు. పిన్ని ఇప్పుడు ఆ కోర్టు పనిమీదే తిరుగుతోంది.

రెండు నెలల తర్వాత అమ్మను తీసుకుని వెళ్లాను. అమ్మకు 71 ఏళ్లు. మోకాళ్లు సహకరించవు గానీ లెక్కలన్నీ నోటి మీదే ఉంటాయి. నేను హైదరాబాదులో, తమ్ముడు డాలస్‌లో ఉంటాం.

ఆయన ముందు నన్ను బయటికెళ్లి టీ తాగి రమ్మన్నారు. అధికారం పుచ్చుకునేది నేనే కాబట్టి, అమ్మతో విడిగా మాట్లాడాలన్నారు. అరగంటకు లోపలికి వెళ్తే అమ్మ ఒక షరతు కొట్టేయించింది. అద్దెలు, కౌలు, కరెంటు, ఇంటి పన్ను నేను చూసుకోవచ్చు. ఇల్లు అమ్మే హక్కు మాత్రం ఇవ్వలేదు. "అది నా చేతిలోనే ఉండనీవే" అంది. నాకు నిజంగా సంతోషమేసింది. ప్రతి షరతూ ఆయన చదివి వినిపించి, అమ్మ చేత సొంత మాటల్లో తిరిగి చెప్పించారు.

ఈ కాగితం చాలా మంది అనుకునేంత గట్టిది కాదని కూడా ఆయనే చెప్పారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషి చనిపోయినా మతి తప్పినా పవర్ చెల్లదు. అమెరికాలో మతి తప్పాక కూడా చెల్లే రకం ఉంటుందని తమ్ముడు అంటాడు, మనకు ఆ సౌకర్యం లేదు. అందుకే పవర్ ఒక్కటే నమ్ముకోవద్దని, డిపాజిట్లను ఇద్దరి పేర్ల మీద, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించమన్నారు. అమ్మ మంచాన పడినా తెలివితో ఉన్నంత కాలం పవర్ పనికొస్తుంది. కోలుకోని స్థితి వస్తే వైద్యం ఎంతవరకు చేయించాలన్నది వేరే కాగితం. సుప్రీంకోర్టు 2018లో దానికి దారి చూపింది, 2023లో సులువు చేసింది. ఇద్దరు సాక్షులతో నోటరీ ముందు సంతకం చేస్తే చాలు. అమ్మ అదీ రాసింది.

రిజిస్ట్రేషన్ రోజు అమ్మ మోకాళ్లు బాగా వాచాయి. నడవలేని వాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే వీలు చట్టంలోనే ఉందని చెప్పి, ఆ దరఖాస్తు కూడా ఆయనే రాశారు. అధికారి వచ్చి వరండాలోనే పని పూర్తి చేశారు.

తమ్ముడి వాటాకు సంబంధించిన పవర్ హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో అటెస్ట్ అయి వచ్చింది. అలాంటిది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలట. నేనైతే బీరువాలో పెట్టేసి మర్చిపోయేదాన్ని, ఆయనే రెండుసార్లు గుర్తుచేశారు.

ఇబ్బందులు లేవని కాదు. ఫోన్ ఎత్తరు. ఉన్నది ఒక్కటే కుర్చీ. మొదటి ప్రింటులో ఇంటి నంబరు తప్పు పడింది, అమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. కాబట్టి సంతకానికి ముందు అంకెలన్నీ పన్ను రసీదుతో పోల్చుకోండి. రాత కూలీ 2,500 తీసుకున్నారు, స్టాంపు, చలానా ఖర్చు వేరు.

వచ్చే గురువారం పిన్నిని తీసుకుని వెళ్తున్నాను, ఈసారి ఆమె చేత పవర్ రాయించడానికి. పొద్దున పదింటికల్లా వెళ్తే ఆ కుర్చీ ఖాళీగా దొరుకుతుంది.