స్కిడ్ రెండేళ్లు వాడినాక: ఒక్క మెసేజ్ చదవని పాపానికి

స్కిడ్ ఏంది, ఎట్ల ఇన్‌స్టాల్ చేయాల అనేదంతా రాయనప్పా, చెస్ గేములు దాచుకునేవాళ్లకు తెలిసిందే. కంప్యూటర్లో చెస్ గేములు దాచుకొని వెతుక్కునే ప్రోగ్రాం, ఫ్రీ, చూడ్డానికి పాతకాలం ఆఫీసు కంప్యూటర్ మాదిరి ఉంటుంది, అంతే. అనంతపురంలో సాయంత్రం పూట పిల్లలకు చెస్ చెప్తాను, దానికోసమే రెండేళ్లుగా వాడతాండా. ఇప్పుడు రాసేది దాని స్టార్టప్ సెట్టింగుల గురించి మాత్రమే.

మన తెలుగోళ్ల పేర్లతో డేటాబేస్‌లో పెద్ద తలనొప్పి, ఇంటిపేరు ముందా వెనకా అని. కోనేరు హంపి ఒకచోట కోనేరు కామా హంపి, ఇంకోచోట హంపి కామా కోనేరు, అర్జున్ ఇరిగైసిదీ ద్రోణవల్లి హారికదీ అదే కథ, పేరు కొట్టి వెతికితే సగం గేములే వస్తాయి. దీనికి స్కిడ్‌లో స్పెల్‌చెక్ ఫైల్ అని ఒక మందు ఉంది, పేరున్న ఆటగాళ్ల పేర్ల పట్టీ అనుకోండి. అది లోడ్ చేసి మెయింటెనెన్స్‌లో పేర్లు సరిచేయమంటే ఒకే మనిషివి రకరకాల రాతలు చానావరకు ఒక్క పేరు కిందికి వస్తాయి. మొదట్లో ఇది చూసి కనపడినోళ్లందరికీ చెప్పుకుంటా తిరిగితి.

అయితే నేనేం చేసినానంటే, ఆ ఫైల్‌ని డి డ్రైవ్‌లో ఏదో ఫోల్డర్లో పెట్టుకుంటి. ద వీక్ ఇన్ చెస్ అనే సైట్ నుంచి వారం వారం కొత్త గేములు దించుకుంటాను కదా, అవి కలిపే ప్రతిసారీ ఆప్షన్స్ మెనూకు పోవడం, ఫైల్ యాడుందో వెతకడం, లోడ్ చేయడం, ఒక మెసేజ్ వస్తుంది, ఓకే కొట్టడం. మూసేస్తే మళ్లీ మొదటికే. ఏడాదిన్నర ఇట్లే చేస్తి, మనసులో తిట్టుకుంటానే చేస్తి.

పోయిన దసరాకు బెంగళూరు నుంచి మా మేనల్లుడు వచ్చినాడు, పక్కన కూర్చొని ఉగ్గాని తింటా చూస్తాండాడు. నేను ఓకే కొట్టబోతాంటే చెయ్యి పట్టుకున్నాడు. "మామా, అదేం రాసుందో ఎప్పుడన్నా చదివినావా?" అన్నాడు. చదివితే ఏముంది, స్కిడ్ తెరిచినప్పుడల్లా ఈ ఫైల్ తనంతట తానే రావాలంటే మూసేముందు ఆప్షన్స్ మెనూలో సేవ్ ఆప్షన్స్ నొక్కు అని. ఏడాదిన్నరగా లోడ్ చేసిన ప్రతిసారీ అదే చెప్తాండె నాకు, నేను ఓకే ఓకే అని తోసేస్తాంటి! తప్పు నాదే, ఒప్పుకుంటా, కానీ అంత వివరంగా చెప్పే బదులు సేవ్ చేయాలా వద్దా అని ఆడనే అడిగేస్తే పోయేది కదా.

ఆ ఊపులో మూసేటప్పుడు ఆప్షన్స్ అన్నీ తనంతట తానే సేవ్ చేసుకునేదానికి కూడా టిక్ పెట్టేస్తి. ఆహా, ఇంగ బాధ లేదనుకుంటి, నిజంగానే ఒక నెల హాయిగా గడిచింది. తర్వాత ఒక పిల్లోడు నేను టీకి పోయినప్పుడు బోర్డు రంగులు మార్చి, సైజు ఇంత చిన్నది చేసి, రెండు విండోలు మూసేసి వెళ్లిపోయినాడు. మరుసటి రోజు తెరిస్తే అదంతా అట్లే వచ్చింది, పిల్లోడి పని కూడా శ్రద్ధగా సేవ్ చేసి పెట్టింది మరి. సరే అని టిక్ తీసేస్తి, మళ్లీ తెరిస్తే టిక్ అట్లే ఉంది! తీసేసిన సంగతి కూడా సేవ్ ఆప్షన్స్ నొక్కి చెప్పాలంట, లేకుంటే దానికి తెలీదు. ఇది బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు ఆటో సేవ్ లేదు, అన్నీ నాకు కావాల్సినట్లు పెట్టుకొని ఒకసారి చేత్తో సేవ్ చేసినా. సెట్టింగులన్నీ కాన్ఫిగ్ ఫోల్డర్లో ఆప్షన్స్ డాట్ డ్యాట్ అనే ఫైల్లో ఉంటాయి, దాని కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నా, పిల్లోళ్లు ఏమన్నా గెలికితే స్కిడ్ మూసి, ఆ కాపీ తెచ్చి పాతదాని మీద వేసేస్తా.

మీరు తీసుకోవాలా వద్దా అంటే, నాది నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఫీజులు ఇచ్చేవాళ్లు ఇస్తారు లేనివాళ్లు లేదు, కాబట్టి నాకు ఇదే సరి. డబ్బులు పెట్టగలిగినోళ్లు ఇదే పని చేసే చెస్‌బేస్ అనే ప్రోగ్రాం చూసుకోండి, నేను దాన్ని వాడలేదు. ఒక్కడే కూర్చునే లాప్‌టాప్ అయితే ఆటో సేవ్ పెట్టుకున్నా నష్టం లేదనుకుంటా.

ఇంగో మాట, ఆ స్పెల్‌చెక్ ఫైల్లో మా పిల్లోళ్ల పేర్లు యాడుంటాయి. జిల్లా టోర్నమెంట్ గేములు ఎక్కిస్తే ఒక్కో పిల్లోడు మూడు పేర్లతో ముగ్గురు అవుతాడు. అవి ఆదివారం పూట కూర్చొని నేమ్ ఎడిటర్లో నేనే దిద్దుకుంటా.