లాయోల్‌లో మడత చాకు కొనబోయే వారికి

ఫ్రాన్సులో లియోన్ నుండి మడత చాకులకు పేరుపడ్డ లాయోల్ వరకు మా ప్రయాణం సాఫీగానే సాగింది. ఆ ఊరికి రైలు లేదు కనుక కారు తప్పదు. క్లెర్మాఁ ఫెరాఁ దాటాక ఏ75 రహదారిపై మేము వెళ్ళినంత మేరా టోలు లేదు. రాత్రికి 68 యూరోలు తీసుకున్న బస శుభ్రంగానే ఉంది. ఇంతటితో ఊరుకుందును గాని, అక్కడి ప్రధాన వీధిలో ఒక దుకాణదారుడు మా బావగారికి 45 యూరోలకు అంటగట్టిన మడత చాకు సంగతి చెప్పకపోతే, రేపు వెళ్ళే మరొక తెలుగు కుటుంబం కూడా అదే గల్లాపెట్టె ముందు నిలబడుతుంది.

అలుగు (బ్లేడు) మీద లాయోల్ అని చెక్కి ఉన్నంత మాత్రాన ఆ చాకు లాయోల్‌లో తయారైనట్లు కాదు. ఆ పేరును ఏళ్ల తరబడి ఎవరు పడితే వారు వాడుకున్నారు కనుక ఆసియా దేశాల నుండి దిగిన చవక సరుకు మీద కూడా అదే పేరు, ఈ చాకుల వీపున స్ప్రింగు మీద ఉండే అదే తేనెటీగ బొమ్మ కనిపిస్తాయి. ఎక్కడ చేశారని మేము అడిగినప్పుడల్లా ఆ దుకాణదారుడు ఇది సంప్రదాయ చాకు అన్నాడే తప్ప ఊరి పేరు చెప్పలేదు. గుంటూరు యార్డులో మిరపకాయను విరిచి చూడనిదే ధర పలకని బావగారు, నేను వద్దంటున్నా చెక్కపెట్టె అందానికి లొంగి డబ్బు లెక్కపెట్టారు.

బసకు వచ్చి దీపం కింద చూస్తే దాని బండారం బయటపడింది. మూసినప్పుడు అలుగు పిడి మధ్యకు రాక ఒక పక్కకు ఒరిగి లోపలి ఇత్తడి రేకును గీస్తోంది. తెరిచి అటూ ఇటూ కదిపితే ఇరుసు దగ్గర ఆడుతోంది. వీపు వైపున స్ప్రింగుకూ రేకులకూ నడుమ నుండి వెలుతురు కనిపిస్తోంది. రివెట్ల తలలు గోటికి తగులుతున్నాయి, తేనెటీగ వంకరగా అతికి ఉంది. అతికించిన తేనెటీగను నేను తప్పు పట్టను, మంచి పనివారు కూడా దానిని విడిగా చేసి స్ప్రింగుకు వెల్డు చేయడం ఉన్నదే. ఇరుసు వదులును మాత్రం క్షమించలేము, ఎందుకంటే ఈ రకం చాకుకు తాళం ఉండదు, తెరిచిన అలుగును నిలిపేది వెనుక స్ప్రింగు బిగువు ఒక్కటే. మరునాడు తిరిగి ఇవ్వబోతే, పెట్టె తెరిచారు కనుక తీసుకోనని చెప్పి ఆ మనిషి ముఖం తిప్పుకున్నాడు.

1829 ప్రాంతంలో ఇక్కడ పుట్టిన ఈ చాకుకు 1880లో సీసా బిరడా తీసే మర కూడా చేరింది. తరువాత తయారీ చాలావరకు తియేర్ పట్టణానికి తరలిపోగా, 1987లో మొదలైన ఫోర్జ్ ద లాయోల్ అనే చాకుల కర్మాగారం దానిని సొంత ఊరికి తిరిగి తెచ్చింది. ఫ్రెంచి డిజైనరు ఫిలిప్ స్టార్క్ రూపొందించిన ఆ భవనం కప్పు నుండి 18 మీటర్ల అలుగు ఆకాశంలోకి నిలబడి ఉంటుంది, నాకది కొంచెం అతిగా తోచింది. లోపలి పని మాత్రం చూడదగినది. తేనెటీగను స్ప్రింగు ఉక్కులోనే సాగగొట్టి తీస్తారు, రివెట్లను పిడితో సమంగా రాపిడి పెడతారు. నేను 165 యూరోలకు కొమ్ము పిడి ఉన్న 12 సెంటీమీటర్ల చాకు తీసుకున్నాను. అలుగు సరిగ్గా నడిమిన దిగుతుంది, ఎక్కడా వెలుతురు దూరదు. దీనిని టక్కుమని మూయకూడదు, వాదర స్ప్రింగుకు తగిలి మొద్దుబారుతుంది, అందుకే వేలితో ఆపుతూ దింపాలి.

రెండు చాకులను పక్కపక్కన పెట్టి చూశాక బావగారు కారులో నోరు విప్పలేదు. మధ్యాహ్నం 17 యూరోలకు వడ్డించిన అలిగో ఆయనను మళ్ళీ మనుషుల్లో పడేసింది. బంగాళాదుంప ముద్దలో పచ్చి జున్ను, వెల్లుల్లి వేసి సాగేదాకా కలిపిన ఆ వంటకాన్ని సాసేజి లేకుండా ఇమ్మంటే ఇచ్చారు, ఆయన మరో వడ్డన అడిగారు. శాకాహారులకు లాయోల్ ఉన్న ఈ ఓబ్రాక్ ప్రాంతంలో ఇంతకన్నా మంచి భోజనం దొరకదని నా అభిప్రాయం.

డబ్బు తక్కువగా ఉంటే పిడిలో తగ్గించుకోండి, సాదా చెక్క చాలు, ఇరుసు బిగువులో మాత్రం తగ్గవద్దు. తయారైన ఊరు, ఉక్కు రకం రసీదు మీద రాయమనండి, రాయని చోట కొనవద్దు. ఫ్రాన్సులో తగిన కారణం లేకుండా జేబులో చాకు పెట్టుకుని తిరగడం నేరం, విమానంలో చేతిసంచీలోనూ ఒప్పుకోరు కనుక చెక్-ఇన్ పెట్టెలో వేయండి.