పాత పికప్ కొంటున్నారా? "ఏసీకి గ్యాస్ పట్టిస్తే చాలు" అన్నారంటే ఆగండి

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల పాత షెవ్రొలే సీ10, ఫోర్డ్ ఎఫ్100 లాంటి పికప్పులు కొనాలని చూస్తున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. అమ్మే మనిషి "ఏసీ ఉంది, గ్యాస్ తగ్గింది అంతే" అంటే ఆ మాటకు ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వకండి. ఏసీ అనేది మూసి ఉన్న వ్యవస్థ, అందులో గ్యాస్ ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం.

ఈమధ్య మా చేతికొచ్చిన ఒక 1970 సీ10 సంగతి చెబితే విషయం తెలుస్తుంది. ఫ్యాక్టరీ ఏసీ కాదు, ఆ కాలంలో డాష్‌బోర్డు కింద వేలాడదీసి బిగించే యూనిట్. కొన్నాయన ఒక షాపులో ఇస్తే పాత కంప్రెసర్ తీసి, శాండెన్ కంపెనీ రకం కొత్తది పెట్టి, పాత ఆర్-12 గ్యాస్ స్థానంలో వచ్చిన ఆర్-134ఎ గ్యాస్ పట్టించి, పన్నెండు వందల డాలర్ల పైచిలుకు బిల్లు వేశారు. మొదటి వారం చల్లగానే ఉంది. రెండు నెలలు తిరక్కుండానే కంప్రెసర్ బిగుసుకుపోయి, బెల్టు కాలి, పొగ వచ్చింది. వారంటీ అడిగితే "బండి పాతది సార్" అన్నారు. తప్పు బండిది కాదు, పనిది. విప్పితే అన్నీ కళ్లముందే కనిపించాయి.

ఎక్స్‌పాన్షన్ వాల్వు (ద్రవాన్ని సన్నగా వదిలే వాల్వు) మూతి దగ్గర బొగ్గుపొడి కలిపిన గ్రీజులా నల్లటి జిగురు. పాత కంప్రెసర్ అరిగి రాలిన పొడి, పాత మినరల్ ఆయిల్, ఆర్-134ఎకి వాడే కొత్త ప్యాగ్ ఆయిల్ కలిసి అలా తయారైంది. ఆర్-12 కాలం బండ్లలో ఉండేది మినరల్ ఆయిల్. ఆర్-134ఎ దాన్ని తనతో తిప్పుకుని కంప్రెసర్‌కు తిరిగి తీసుకురాలేదు. ఆయిలంతా ఎవాపరేటర్ (క్యాబిన్ గాలిని చల్లబరిచే భాగం) అడుగున చేరిపోతుంది, కంప్రెసర్ పొడిగా తిరుగుతుంది. అందుకే కంప్రెసర్ ఒక్కటీ మార్చడం అంటే కొత్తదాన్ని కూడా చంపుకోవడమే. పైపులు, పాత గొట్టం రకం కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం), ఎవాపరేటర్ సాల్వెంట్‌తో కడిగి, పొడి నైట్రోజన్‌తో ఊది ఆరబెట్టాలి. సన్నని చానెళ్ల ప్యారలల్ ఫ్లో కండెన్సర్ అయితే కడిగినా లోపలి పొడి పోదు, మార్చాల్సిందే. తేమ పీల్చే డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కడిగేవి కావు, కొత్తవి వేయాలి.

ఆ బండిలో డ్రయ్యర్ కూడా పాతదే ఉంచారు. ఎక్స్‌హెచ్-5 రకం తేమ పీల్చే గుళికలు ఆర్-12 కోసం చేసినవి. ఆర్-134ఎకి ఎక్స్‌హెచ్-7 లేదా ఎక్స్‌హెచ్-9 ఉండాలి. కొత్త డ్రయ్యర్ వేసినా దాని మూతలు అన్నిటికన్నా చివర, వ్యాక్యూమ్ పెట్టే (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసే) ముందు మాత్రమే తీయాలి. పొద్దున మూత తీసి బల్లమీద పెట్టి సాయంత్రం బిగిస్తే హ్యూస్టన్ గాలిలోని తేమంతా అదే పీల్చేసి ఉంటుంది.

ఇక పైపులు. పాత రబ్బరు పైపుల గోడల్లోంచే ఆర్-134ఎ మెల్లగా బయటికి పోతుంది. లోపల నైలాన్ పొర ఉండే బ్యారియర్ పైపులే వేయాలి. లిక్విడ్ లైను 6 నంబరు సైజు, కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే డిశ్చార్జి 8, వెనక్కి వచ్చే సక్షన్ 10. ప్రతి జాయింటుకీ ఆకుపచ్చ హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు ఓరింగు (లీకు కాకుండా వేసే రింగు), దానికి ఆయిల్ రాసి, రెండు స్పానర్లతో బిగించాలి. ఒక్క స్పానర్‌తో బిగిస్తే ఎవాపరేటర్ అల్యూమినియం గొట్టం మెలిపడుతుంది. ఆ పగులు ఆ రోజు కనిపించదు, వేసవి మధ్యలో బయటపడుతుంది.

బిల్లులో అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది గ్యాస్ బరువు. ఆ షాపువాళ్లు "4 క్యాన్లు" అని రాశారు. ఒక్కో క్యాన్ 12 ఔన్సులు, అంటే 48 ఔన్సులు. పాత బండ్లకు ఏసీ కిట్లు చేసే శాన్ ఆంటోనియోలోని వింటేజ్ ఎయిర్ తన కిట్లకు చెప్పే లెక్క సుమారు 1.8 పౌండ్లు, అంటే 29 ఔన్సుల లోపు. మీ యూనిట్ లెక్క వేరే ఉండొచ్చు, కానీ తూకం మీదే పట్టాలి. లోపలి ద్రవం కనిపించే సైట్ గ్లాసులో బుడగలు పోయేదాకా పట్టడం ఆర్-12 కాలపు అలవాటు. ఆర్-134ఎతో అలా చేస్తే గ్యాస్ ఎక్కువైపోతుంది. అప్పుడు సిగ్నల్ దగ్గర ఆగగానే హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికి వెళ్లే వైపు) ప్రెషర్ పైకి పాకుతుంది, చల్లదనం పోతుంది, 400 పీఎస్ఐ దగ్గరికొచ్చాక ప్రెషర్ స్విచ్ కంప్రెసర్ క్లచ్‌ను ఆపేస్తుంది. ఆ స్విచ్ లేని పాత వైరింగ్ అయితే కంప్రెసరో పైపో పోతుంది. గ్యాస్ పట్టించే ముందు కనీసం 45 నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి, గేజ్ 29 అంగుళాల దగ్గర నిలిచాక వాల్వులు మూసి, అరగంట చూడాలి. ముల్లు కదిలితే లీకైనా ఉంది, తేమైనా ఉంది. ఇంకా నమ్మకమైన పద్ధతి, వ్యాక్యూమ్‌కన్నా ముందే 150 పీఎస్ఐ నైట్రోజన్ నింపి ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాయడం. టైరుకు కొట్టే గాలితో ఈ పరీక్ష చేసేవాడి దగ్గర బండి వదలకండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, పైగా ఆర్-134ఎ గాలితో కలిసి ప్రెషర్‌లో ఉంటే మండే ప్రమాదం ఉంది.

"లీకు ఆపే మందు" కలిపిన క్యాన్లు ముట్టుకోవద్దు. ఆ జిగురు ఎక్స్‌పాన్షన్ వాల్వునూ షాపువాళ్ల మెషీన్‌నూ పాడుచేస్తుంది, అది వాడారని తెలిస్తే మంచి షాపులు బండిని తీసుకోవు కూడా. ఆర్-12కు బదులంటూ ప్రొపేన్ రకం గ్యాస్ పట్టించడం అమెరికాలో చట్టవిరుద్ధం. అది క్యాబిన్‌లోకి లీకైతే ఏమవుతుందో ఆలోచించండి, పిల్లల్ని ఎక్కించుకునే బండి అది.

ఏసీ లేకుండా తయారైన ట్రక్కుకు తర్వాత ఏసీ బిగిస్తే గాలి సమస్య తప్పదు. చిన్న రేడియేటర్, నాలుగు రెక్కల ఫ్యాన్, దానిచుట్టూ ష్రౌడ్ అనే తొడుగు ఉండదు. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా గేజ్ చూస్తూ కండెన్సర్ మీద గార్డెన్ పైపుతో నీళ్లు చల్లండి. హై సైడ్ ఒక్కసారిగా పడిపోయి, లోపల చల్లబడితే లోపం ఎక్కువగా గాలిదే. ష్రౌడ్ వేసి, ఫ్యాన్ రెక్కలు సగం లోపల సగం బయట ఉండేలా చూస్తే చాలావరకు తీరుతుంది. హీటరు, ఏసీ ఒకే డబ్బాలో ఉండే కొత్త కిట్లలో హీటర్ వాల్వు సరిగ్గా మూసుకోక వేడినీళ్లు లోపలికి పోవడం కూడా మామూలే. హీటర్ పైపును క్లాంపుతో నొక్కిపెట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. వేలకొద్దీ ఖర్చు పెట్టించేముందు ఏ షాపయినా చేయాల్సిన పరీక్ష ఇది.

కరెంటు కూడా చూడండి. పాత 37 ఆంపియర్ల ఆల్టర్నేటర్ బ్లోయర్, క్లచ్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, హెడ్‌లైట్లు అన్నీ కలిపి మోయలేదు.

కొనే ముందు గేజ్ సెట్ పట్టుకెళ్లండి, లేదా తెలిసినవాళ్లను తీసుకెళ్లండి. ఇంజిన్ చల్లగా, ఆపి ఉండగా 85 ఫారన్‌హీట్ వేడిలో రెండు గేజులూ దాదాపు 95 పీఎస్ఐ చూపిస్తే లోపల కొంత ఆర్-134ఎ ద్రవంగా ఉన్నట్టు. ఎంత ఉందో మాత్రం అది చెప్పదు. 10, 20 చూపిస్తే ఖాళీ అయినట్టే. సర్వీస్ పోర్టులు పాత మరతిప్పే రకమే అయితే ఆర్-134ఎకి మార్చిన పని సక్రమంగా జరగలేదు. లోపల ఏ గ్యాస్ ఉందో ఐడెంటిఫయర్ మెషీన్‌తో చూడకుండా ఎవర్నీ చేయి వేయనివ్వకండి. ఆర్-12ను గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం, క్లీన్ ఎయిర్ చట్టం సెక్షన్ 609 సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ మెషీన్‌తోనే తీయాలి.

షాపుకు ఇచ్చేటప్పుడు బిల్లు మీద ఇవి రాయించుకోండి: గ్యాస్ ఔన్సుల్లో, ఆయిల్ రకం, కొలత, కొత్త డ్రయ్యర్ నంబరు, వ్యాక్యూమ్ ఎంతసేపు నిలిచింది, చివరగా సెంటర్ వెంట్ ఎంత చల్లగా ఉంది. ఇవి రాయనంటే అక్కడినుంచి వచ్చేయండి. అమ్మే మనిషి గేజ్ పెట్టనివ్వకపోతే ఏసీ లేని బండి కింద లెక్కకట్టండి. కొత్త కిట్ వేసుకునేటట్టయితే కంప్రెసర్ బ్రాకెట్ ముందే తేల్చుకోవాలి. వరసగా ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు ఒకటి, వీ8కు ఒకటి, ఆ వీ8లోనూ పొట్టి వాటర్ పంపుకు, పొడుగు పంపుకు వేర్వేరు. ఫోటో తీసి కిట్ అమ్మేవాళ్లకు పంపి, పార్టు నంబరు అడిగి ఆర్డర్ పెట్టండి.