తోట ఇంటికి ఏ తుపాకీ? .32 రివాల్వర్‌తో పదహారేళ్ళు, పన్నెండు బోరుతో పన్నెండేళ్ళు

నూజివీడు పరిసరాల్లో మామిడి తోట మధ్యన మా ఇల్లు ఉంది. అన్నిటికన్నా దగ్గరి పొరుగిల్లు ముప్పావు కిలోమీటరు దూరం. పోలీసు జీపు బయలుదేరిన తరువాత కూడా మా గేటు చేరడానికి ఇరవై ఐదు నిమిషాలకు తక్కువ పట్టదు. ఈ కారణం చూపించే నేను 2009లో ఆయుధ లైసెన్సు తీసుకొని, ఆ ఏడాదే దేశంలో తయారైన ఒక .32 రివాల్వర్ (ఆ అంకె గుండు లావు, అంగుళాల లెక్కన) కొన్నాను. 2012లో మా నాన్నగారు కాలం చేశాక, ఆయన 1974లో కొన్న జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకీ, కొన్నాళ్ళు లైసెన్సు ఉన్న డీలరు దగ్గర డిపాజిట్‌లో ఉండి, 2013లో వారసత్వంగా నా లైసెన్సులోకి ఎక్కింది. ఇల్లు కాపాడుకోవడానికి ఈ రెంటిలో ఏది మేలని తెలిసినవాళ్ళు తరచుగా అడుగుతున్నారు కనుక, ఇన్నేళ్ళ వాడకంలో నాకు తేలింది రాస్తున్నాను. మా వంటి ఇంటికి పన్నెండు బోరే తగినది; రివాల్వర్‌ను అమ్మివేయడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు కూడా పెట్టాను. అయితే పన్నెండు బోరు గురించి జనం చెప్పుకొనే కారణాలు వేరు, నాకు అనుభవంలో దొరికిన కారణాలు వేరు.

మన దేశంలో కొనేవాడి ముందుండే ఎంపిక నిజానికి చాలా చిన్నది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 9 మి.మీ. పిస్తోలు, .38 రివాల్వర్ వంటివి నిషిద్ధ బోరు కిందికి వస్తాయి; మామూలు పౌరుడికి చేతి తుపాకీ అంటే ఆచరణలో .32 లేదా .22. విదేశాల నుంచి దిగుమతి 1980ల నడిమి నుంచి ఆగిపోయినందువల్ల, పాత విదేశీ పిస్తోళ్ళు చేతులు మారినప్పుడల్లా వాటి నాణ్యతతో సంబంధం లేని ధరలు పలుకుతాయి. ప్రభుత్వ కర్మాగారాల నుంచి 2014లో వచ్చిన నిర్భీక్ అనే .32 రివాల్వర్ టైటానియం మిశ్రమ లోహంతో చేసినది. బరువు అర కిలో, అప్పటి ధర 1,22,000 రూపాయలకు పైమాట. 2023లో వచ్చిన ప్రబల్‌లో తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. ఈ రెంటినీ నేను వాడలేదు కనుక వాటి మీద తీర్పు చెప్పను. పన్నెండు బోరు మాత్రం పాతదైనా కొత్తదైనా వీటికన్నా తక్కువ ధరకు దొరుకుతుంది. పన్నెండు బోరు అంటే ఏమిటని అడిగేవారికి: ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం లోపలి వ్యాసం అంత, దాదాపు 18.5 మి.మీ.

రివాల్వర్‌ను కొన్న కొత్తలో దాని మీద నాకు ఉన్న నమ్మకం తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. దిండు పక్కన ఇమిడిపోతుంది, ఒక చేత్తో పట్టుకొని రెండో చేత్తో టార్చి పట్టుకోవచ్చు, ఆరు తూటాలు ఉంటాయి, అంతకంటే ఇంటికి ఏం కావాలి అనుకున్నాను. మొదటిసారి కాల్పులు సాధన చేసే రేంజ్‌కు వెళ్ళినప్పుడు ఆ నమ్మకం సగం కరిగిపోయింది. తూటాను కొట్టి పేల్చే సుత్తిని ముందుగా బొటనవేలితో వెనక్కి లాగి కాలిస్తే పది మీటర్ల దూరంలోని కాగితం మీద గుండ్లు అరచేతి వెడల్పులో పడ్డాయి. సుత్తి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కి కాలిస్తే, ఆ ట్రిగ్గర్ ఎంత బరువుగా ఉందంటే, నొక్కడం పూర్తయ్యేలోపు గొట్టం మొన కుడికి వాలిపోయి ఆరింటిలో రెండు గుండ్లు కాగితానికే తగలలేదు. అది పట్టపగలు, చెమట పట్టని చేతులతో, ఎదుట ఎవరూ లేనప్పుడు. అర్ధరాత్రి నిద్రలో నుంచి లేచిన మనిషి సుత్తి లాగి గురి చూసి కాలుస్తాడని నేను అనుకోను. సాధన చేస్తే సర్దుకుంటుందని అంటారు, నిజమే. కానీ తూటాల ఖరీదు, లైసెన్సులో రాసిన పరిమితి, రేంజ్ ఉన్న ఊరి దూరం కలిసి నా సాధనను ఏడాదికి ఒక్క పూటకు కుదించాయి. చేతి తుపాకీ అనేది నెలనెలా కాల్చేవాడి ఆయుధం, ఏడాదికొకసారి కాల్చేవాడికి అది ధైర్యం చెప్పే బొమ్మ మాత్రమే.

పన్నెండు బోరు దీనికి పూర్తిగా ఎదురు. మూడు కిలోల పైచిలుకు బరువు, ముప్పై అంగుళాల గొట్టాలు, రెండే తూటాలు. మా ఇంటి నడవాలో దాన్ని భుజానికి ఎత్తుకొని మలుపు తిరగడం కుదరదు. 2014 వేసవిలో ఒక రాత్రి ప్రయత్నించి దేవుడి గది తలుపు చెక్క మీద చేసిన గీత నేటికీ ఉంది. అయినా భుజానికి ఆనిన తుపాకీ మూడు చోట్ల శరీరానికి అంటి ఉంటుంది కనుక చేయి వణికినా గొట్టం అంతగా వణకదు, ట్రిగ్గర్ తేలిక, తుపాకీని కీలు దగ్గర వంచి రెండు గొట్టాలూ తెరిచి చూస్తే తూటా ఉన్నదీ లేనిదీ చీకట్లో వేలితో తడిమి కూడా తెలుసుకోవచ్చు. ఆరు నెలలు బీరువాలో ఉండి బయటికి వచ్చిన తుపాకీ విషయంలో ఈ చివరి గుణానికి ఉన్న విలువ వాడినవారికే తెలుస్తుంది.

పన్నెండు బోరుకు గురి అక్కరలేదు, అటు తిప్పి కాలిస్తే చాలు అనే మాట మా ప్రాంతంలో ప్రతి ఒక్కరి నోటా వింటాను. అది తప్పు. పాత గొట్టాల మొన దగ్గర లోపలి వ్యాసాన్ని కొద్దిగా బిగించి ఉంచుతారు, తూటాలో నింపిన చిన్న గుళ్ళు, అంటే రవ్వలు, దూరం వరకు గుమిగా పోవడానికి. మా తుపాకీ ఎడమ గొట్టంతో ఐదారు మీటర్ల దూరంలో పాత అట్టపెట్టె మీద కాల్చి చూస్తే పడిన చిల్లు నా పిడికిలి కంటే పెద్దది కాదు. గది లోపలి దూరాల్లో అది ఒకే గుండులాగా వెళుతుంది. గురి తప్పితే మొత్తం తప్పుతుంది. తూటా ఎంపిక కూడా ఆలోచించి చేయవలసిందే. ఎస్జీ, ఎల్జీ వంటి పెద్ద గుండ్ల తూటాలు తొమ్మిది అంగుళాల ఇటుక గోడ దగ్గర ఆగుతాయేమో కానీ, చెక్క తలుపు, రేకు తడిక వాటిని ఆపవు. మా కాపలా కుటుంబం నిద్రపోయే రేకుల షెడ్డు మా వరండాకు నేరుగా ఎదురుగా ఉంది. అందుకే నేను పెద్ద గుండ్ల తూటాలు ఇంట్లో ఉంచడం మానేసి, సన్న రవ్వల తూటాలు మాత్రమే ఉంచుతున్నాను. సన్నవైనా దగ్గరి దూరంలో అవి ప్రాణం తీస్తాయన్న సంగతి మరచి కాదు.

ఇక అసలు అవసరం పడిన రాత్రుల సంగతి. పదహారేళ్ళలో రెండుసార్లు మాత్రమే నేను ఆయుధం చేతికి తీసుకున్నాను, రెండుసార్లూ కాల్చలేదు. 2011లో ఒక రాత్రి కుక్కలు మోటారు షెడ్డు వైపు ఎగబడి మొరుగుతుంటే రివాల్వర్‌తో వరండాలోకి వచ్చి లైటు వేసి కేక పెట్టాను. రాగి తీగ కోసం మోటారు విప్పుతున్న ఇద్దరు కంచె దూకి పారిపోయారు. వాళ్ళ వెనుక కాల్చకపోవడం మంచితనం వల్ల కాదు, తోచకపోవడం వల్ల. తరువాత ఒక వకీలు మిత్రుడు చెప్పిన మాట విని ఒళ్ళు చల్లబడింది. రాత్రివేళ ఇంట్లోకి చొరబడే వాడి మీద, దోపిడీ చేసే వాడి మీద ఆత్మరక్షణ హక్కు ప్రాణం తీసేంత వరకు కూడా వెళ్ళవచ్చునని పాత శిక్షాస్మృతి 103వ సెక్షన్ చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ కూడా చెబుతున్నది. కానీ అవసరానికి మించిన హాని చేయరాదన్న షరతు దానికి ముందే 37వ సెక్షన్‌లో ఉంది. తీగ కట్ట వదిలేసి కంచె దూకుతున్న దొంగ వీపు మీద కాల్చినవాడికి ఆ సెక్షన్లు గొడుగు పట్టవు.

రెండో రాత్రి 2018 వానాకాలంలో. రెండు గంటలప్పుడు వరండా మెట్ల మీద అడుగుల చప్పుడు, తరువాత తలుపు మీద బాదుడు. ఈసారి నా చేతిలో పన్నెండు బోరు ఉంది, తూటాలు జేబులో ఉన్నాయి, తుపాకీ తెరిచే ఉంది. తలుపు వెనుక నుంచే బయటి లైటు వేసి ఎవరని అడిగాను. “అయ్యగారూ, నేనండీ, అమ్మకి పాము కరిచిందండీ” అన్న గొంతు మా కాపలావాడి పదిహేనేళ్ళ కొడుకుది. తుపాకీ గోడకు ఆనించి కారు తాళాలు అందుకున్నాను, ఆమె బతికింది. ఆ రాత్రి నా చేతిలో నిండుగా ఉన్న రివాల్వర్ ఉండి, లైటు స్విచ్ తలుపుకు అవతల ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకు ఇష్టం లేదు. మరుసటి వారమే బయటి లైట్ల స్విచ్‌లన్నీ నా మంచం తలాపున పెట్టించాను. జంట గొట్టాల తుపాకీలో నాకు నచ్చే గుణం ఇక్కడే ఉంది: తెరిచి ఉన్నంతసేపు అది పేలదు, అది తెరిచి ఉందని పట్టుకున్నవాడికీ పక్కనున్నవాడికీ కంటికి కనిపిస్తుంది.

దాచుకొనే విషయంలో కూడా నా అనుభవం పెద్ద తుపాకీ వైపే ఉంది. లైసెన్సు తీసుకునేవాడు ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటు ఉందని హామీ ఇవ్వాలి, 2016 నిబంధనల తరువాత శిక్షణ పొందినట్టు పత్రం కూడా చూపించాలి. నేను గొట్టాలు, మడమ (భుజానికి ఆనించే చెక్క భాగం) విడదీసి ఇనుప బీరువాలో ఉంచుతాను, తూటాలు వేరే గదిలో తాళం వేసిన పెట్టెలో. బీరువా తెరిచి, కలిపి, తూటాలు తెచ్చుకొనేసరికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఇది ఎక్కువ అనేవారికి నా జవాబు 2015 వేసవి సెలవుల్లో జరిగిన ఒక సంగతి. మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే మా చెల్లెలి కొడుకు, ఆరేళ్ళవాడు, నేను అల్మరా సొరుగులో ఉంచిన రివాల్వర్ తోలు సంచీని రెండు చేతులతో పట్టుకొని నిలబడి ఉన్నాడు. అందులో తూటాలు లేవు. లేవని నాకు తెలుసు, అయినా నా కాళ్ళలో సత్తువ తిరిగి రావడానికి సాయంత్రం అయింది. చేతి తుపాకీలోని సౌకర్యమే పిల్లల విషయంలో దాని దోషం; చిన్నది గనుక చిన్న చోట్ల పెడతాం, చిన్న చోట్లు చిన్న చేతులకు అందుతాయి.

కొనేవారు అడగని ప్రశ్న ఒకటి ఉంది: నేను ఊళ్ళో లేని రాత్రి ఏమిటి? లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. నా తుపాకీని నా భార్య వాడటం చట్టరీత్యా కుదరదు. నేను హైదరాబాద్ వెళ్ళిన నాలుగు రోజులు ఆ బీరువా ఇంట్లో ఉన్నా లేనట్టే. 2014లో నిర్భీక్ గురించి పత్రికల్లో చదివి, ఆమె పేరున కూడా లైసెన్సుకు దరఖాస్తు చేద్దామని అన్నాను. ఆమె ధర అడిగింది; చెప్పాను. “ఆ డబ్బుతో వరండాకు గ్రిల్లు పెట్టించండి” అని లోపలికి వెళ్ళిపోయింది. నేను గ్రిల్లూ పెట్టించలేదు.

దీనికి తోడు ఎన్నికలు. కోడ్ అమల్లోకి వచ్చిందంటే లైసెన్సుదారులను ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమంటారు. 2019లో కోడ్ మార్చి 10న మొదలైంది, ఫలితాలు మే 23న వచ్చాయి. 2024లో మార్చి 16న మొదలై జూన్ మొదటి వారం వరకు సాగింది. మామిడికి కాయ ముదిరి, కోతలు నడిచి, తోటలో డబ్బూ కూలీలూ తెలియని ముఖాలూ తిరిగే నెలలు సరిగ్గా అవే. అంటే ప్రతి అయిదేళ్ళకొకసారి, తుపాకీ కోసం నేను చూపించిన కారణానికి నిజంగా బలం ఉన్న కాలంలోనే నా దగ్గర తుపాకీ ఉండదు. 2021లో పంచాయతీ ఎన్నికలకు కూడా ఇచ్చి వచ్చాను. తిరిగి తెచ్చుకున్నప్పుడు తుపాకీకి తుప్పు కొంత ఖాయం. 2024లో కుడి గొట్టం లోపల చుక్కలు పడ్డాయి, నూనె, సన్నని తీగ బ్రష్‌తో మూడు రోజులు కూర్చుంటే పోయాయి. రివాల్వర్ మీద పడిన మచ్చలు మాత్రం పోలేదు, దాని నలుపు పూత మొదటి నుంచీ పలచన.

నిర్వహణ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వానాకాలంలో పదిహేను రోజులకొకసారి నూనె గుడ్డతో తుడవడం, తూటాలు మూడు నాలుగేళ్ళకు మించి నిలవ ఉంచకుండా రేంజ్‌లో కాల్చివేసి కొత్తవి కొనడం, అంతే. నాన్నగారి కాలం నాటి అట్ట తూటాలు చెమ్మకు ఉబ్బి గొట్టంలోకి దిగేవి కావు. ఇప్పటి ప్లాస్టిక్ తూటాలతో ఆ బాధ తగ్గింది. కాగితాల పని దీనికన్నా ఎక్కువ. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరగడం మేలు చేసింది. అదే సవరణ ఒక్కొక్కరికి మూడు ఉండదగిన తుపాకీలను రెండుకు తగ్గించింది, నాకు ఉన్నవి రెండే కనుక ఇబ్బంది రాలేదు. 2022లో జిల్లాల విభజన జరిగాక మా దస్త్రం మచిలీపట్నం నుంచి ఏలూరుకు మారింది. తుపాకీ ఉందని తెలిస్తే ఊళ్ళో కొన్ని కోరికలు కూడా వస్తాయి: అడవి పందిని కొట్టమని, పెళ్ళి ఊరేగింపులో రెండు తూటాలు పేల్చమని. మొదటిది వన్యప్రాణి చట్టం కిందికి, రెండోది 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు కిందికి వస్తుందని చెబితే చుట్టాలకు కోపం వచ్చింది, రానివ్వండి.

కొత్తగా కొనదలచినవారు పట్టణంలో అపార్ట్‌మెంటులో ఉంటే నా అనుభవం పనికిరాదు. పలచని గోడల అవతల మరొక కుటుంబం నిద్రపోయే చోట ఏ తుపాకీనైనా నేను సిఫారసు చేయలేను. తోటలో, చేలో, దూరంగా ఉన్న ఇల్లయితే మంచి స్థితిలో ఉన్న పాత జంట గొట్టాల పన్నెండు బోరు చూడండి, కొనే ముందు గొట్టాలను వెలుతురుకు పెట్టి లోపలి గుంటలు చూసుకోండి, మూసినప్పుడు అతుకు దగ్గర కదలిక ఉంటే వదిలేయండి. దానికి ముందు రెండు నాటు కుక్కలు, ఇంటి నాలుగు మూలలా లైట్లు, లోపలి నుంచి గడియ పడే గట్టి తలుపు ఉండాలి; మా ఇంట్లో ఆ రెండు రాత్రులూ పని చేసినవి అవే.

రివాల్వర్‌కు డీలరు చెప్పిన ధర నేను కొన్నదానికంటే తక్కువ. అనుమతి రాగానే ఇచ్చివేస్తాను. ఆ డబ్బుకు తగినట్టుగా వరండాకు గ్రిల్లు కొలతలు తీసుకోవడానికి మనిషి ఆదివారం వస్తానన్నాడు. కొలతలు నేను కాదు, మా ఆవిడే దగ్గరుండి చెబుతుందట.