మేజర్ యేట్స్ ఇల్లు చూపిస్తానని 260 యూరోలు

ఐర్లండ్‌లో పాత సీరియళ్ళు తీసిన చోట్లు తిప్పి చూపిస్తామని అడ్వాన్సు అడిగేవాళ్ళు తగిలితే ఒక్క యూరో కూడా ఇవ్వకండి. కార్క్‌లో ఒక టూర్ మనిషి మా దగ్గర 100 యూరోలు ముందే పట్టుకుని, మిగతా 160 బండి ఎక్కేటప్పుడు నగదుగా తీసుకుని, మావయ్యగారిని మోసం చేసిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మావయ్యగారు తెనాలి కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. డబ్లిన్‌లో మా ఇంటికి వచ్చిన కొత్తలో, వానకి బయటికి కదల్లేక ‘ది ఐరిష్ ఆర్.ఎం.’ డీవీడీలు పెట్టుకుని కూర్చున్నారు. 1983 నుంచి 85 దాకా వచ్చిన సీరియల్, మొత్తం 18 భాగాలు. బ్రిటిష్ సైన్యం వదిలిన మేజర్ యేట్స్ రెసిడెంట్ మేజిస్ట్రేట్‌గా ఐర్లండ్ పల్లెకి రావడం, ఇంటి యజమాని ఫ్లరీ నాక్స్ ఆయనకి గుర్రాలు అంటగట్టి చిక్కుల్లో పెట్టడం, ఇదే కథ. మేజర్‌గా పీటర్ బౌల్స్ వేశాడు. కోర్టు సీను వచ్చిందంటే మావయ్యగారు పడీపడీ నవ్వేవారు. “సాక్షి అంటే వీడే! అడిగింది తప్ప అన్నీ చెప్తాడు. మా కోర్టులోనూ ఇంతేనమ్మా” అనేవారు. ఆయన కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

కార్క్ ఊరు, కోబ్ రేవు హాయిగా గడిచాయి. టూర్ రోజున ఆ మనిషి మమ్మల్ని నేరుగా కిన్సేల్ తీసికెళ్ళి ఒక ఉన్ని బట్టల దుకాణం ముందు దింపాడు. గంటసేపు అక్కడే. అత్తయ్యగారు 85 యూరోల స్వెట్టర్ ధర చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటే, దుకాణంవాళ్ళ కన్నా ఇతని మొహమే ఎక్కువ మాడిపోయింది. తర్వాత ఎక్కడో ఒక ఇనప గేటు దగ్గర ఆపి, చెట్ల సందులోంచి కనిపిస్తున్న ఇల్లు చూపించి “అదే మేజర్ ఇల్లు” అన్నాడు. మావయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూసి, “ఇది కాదమ్మా” అన్నారు. గట్టిగా కూడా అనలేదు. మా ఆయన ఫోన్‌లో వెతికితే, సీరియల్లో వాడిన ఇల్లు కిల్‌డేర్ కౌంటీలో కిల్టీల్ దగ్గరది! డబ్లిన్‌లో మా ఇంటి నుంచి అరగంట దారి. నిలదీస్తే, “మీరు ఊహించుకోవడానికి చూపించాను” అంటాడు. పోనీ కథ రాసినవాళ్ళ ఊరు కాసిల్‌టౌన్‌షెండ్ అయినా తీసికెళ్ళమంటే అది ప్యాకేజీలో లేదట. తిరుగు దారిలో మావయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు. అత్తయ్యగారు ఇచ్చిన జంతికలు కూడా వద్దన్నారు.

మర్నాడు మేమే బయల్దేరాం. కార్క్ నుంచి 237 నంబరు బస్సు స్కిబరీన్ వెళ్తుంది. అక్కడి నుంచి కాసిల్‌టౌన్‌షెండ్ ఎనిమిది కిలోమీటర్లు. టాక్సీకి రానూ పోనూ 44 యూరోలు. ఈ 44 ముందు ఆ 260 ఎందుకూ కొరగాదు.

ఊళ్ళో వీధి సముద్రం వైపు నిటారుగా దిగుతుంది. నడి వీధిలో రెండు పెద్ద సికమోర్ చెట్లున్నాయి, కార్లు వాటిని చుట్టుకుని పోవాల్సిందే. ఈడిత్ సోమర్‌విల్ ఉన్న డ్రిషేన్ హౌస్ ఈ ఊళ్ళోనే ఉంది. ఆవిడా, వరసకి అక్కచెల్లెళ్ళయ్యే వయొలెట్ మార్టినూ కలిసి ఈ మేజిస్ట్రేట్ కథలు రాశారు, మొదటి పుస్తకం 1899లో వచ్చింది. సెయింట్ బారహేన్ చర్చి గుట్ట మీద, 52 మెట్లు పైకి. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు గోడ పట్టుకుని ఎక్కారు. లోపల ఐరిష్ కళాకారుడు హ్యారీ క్లార్క్ చేసిన రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. 1918 నాటి క్రీస్తు జననం కిటికీలో ఆ నీలం ఎంత చిక్కగా ఉందంటే, ఎండ మబ్బులో దూరినా వెలుగుతూనే ఉంది. అత్తయ్యగారు మెట్ల సంగతే మర్చిపోయి దాని ముందు నిలబడిపోయారు. ఈడిత్ దాదాపు 70 ఏళ్ళు ఈ చర్చిలోనే ఆర్గన్ వాయించింది. గోడకి, కార్క్ తీరం దగ్గర మునిగిన లూసిటానియా ఓడ లైఫ్‌బోటు తెడ్డు ఒకటి వేలాడదీశారు. ఓడ మునిగింది 1915 మేలో, వయొలెట్ పోయింది అదే ఏడాది డిసెంబరులో. ఈడిత్ 1949 దాకా బతికింది. సహ రచయిత్రి పోయాక కూడా పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ వేయించింది. సమాధులు చర్చి వెనకే పక్కపక్కన ఉన్నాయి. మావయ్యగారు చెప్పులు విడిచి నమస్కారం పెట్టారు. ఆ పైన మేజర్ గురించి, ఫ్లరీ గురించి మళ్ళీ మాటలు మొదలుపెట్టారు. అప్పటికి గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

భోజనం పబ్బులో. వెజిటబుల్ సూప్ 8 యూరోల 50 సెంట్లు, పక్కన గోధుమ రొట్టె, వెన్న. శాకాహారులు చికెన్ నీళ్ళతో చేశారా అని తప్పక అడగండి. ఇక్కడి అమ్మాయి లోపలికి వెళ్ళి వంటమనిషిని కనుక్కుని వచ్చి మరీ కాదని చెప్పింది, అడక్కుండానే రొట్టె ఇంకోసారి వేసింది.

స్కిబరీన్‌లో టాక్సీ ఎక్కేటప్పుడే తిరుగు టైము మాట్లాడుకోండి, ఊళ్ళో నిలబడితే దొరకదు. మావయ్యగారు టూర్ మనిషికి మూడు పేజీల నోటీసు రాసి పంపారు. అడ్వాన్సు వంద అయినా తిరిగిచ్చేదాకా వదలనంటున్నారు, నేనూ వదలను.