కె.ఆర్. పురం నుంచి ధనుష్కోటి దాకా: అద్దె ఇన్నోవాకి మూడు, డ్రైవరన్నకి ఐదు

మా వీధి చివరున్న ట్రావెల్స్‌లో ఇన్నోవా మాట్లాడుకుని రామేశ్వరం, ధనుష్కోటి, కన్యాకుమారి చూసొచ్చాం. ఎదిగిన పిల్లల్ని తీసుకుని దూరం వెళ్లాలనుకునే బెంగళూరు తెలుగువాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

డబ్బు సంగతి ముందు. రోజుకి 300 కిలోమీటర్లు మినిమమ్, తిరగకపోయినా కట్టాల్సిందే. డ్రైవర్ బత్తా, టోల్‌గేట్లు, పర్మిట్ వేరే. కిలోమీటర్లు మన గుమ్మం నుంచి కాదు, వాళ్ల షెడ్డు నుంచి లెక్కేస్తారు. ఆ మాట బుకింగప్పుడు చెప్పలేదు, బిల్లులో కనిపించింది. మదురై దాటాక వెనక సీటుకి ఏసీ రాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ‘చూస్తాం మేడమ్’ అన్నారు, చూడలేదు. బండికి మూడు చుక్కలు అందుకే.

డ్రైవరన్నది పలమనేరు పక్క పల్లె. నేను రాయాలనుకున్నది ఆయన గురించే.

మావాడు సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది. ఏడాదిగా కుదురు లేదు. ట్యూషన్‌కని బయల్దేరి టిన్ ఫ్యాక్టరీ బస్టాపులో వచ్చేపోయే బస్సులు చూస్తూ కూర్చునేవాడు. ఏం కావాల్రా అంటే ‘తెలీదమ్మా’ అనేవాడు. పాపం, నిజంగానే తెలీదు. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి దాటినా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు. తొప్పూరు ఘాట్ దగ్గర డ్రైవరన్న, “నాయనా, అవి తీసి ఇంజన్ ఇను” అన్నాడు. బ్రేకు తొక్కుతూనే దిగితే వేడెక్కి పట్టు పోతుందని, గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టుకుంటుందని చెప్పి, ముందు పోతున్న లోడు లారీ శబ్దం వినమన్నాడు. మావాడు అద్దం దించాడు. ఆ తర్వాత ఇయర్‌ఫోన్లు బ్యాగులోకి పోయాయి.

నామక్కల్ లారీ బాడీలు కట్టే ఊరు. కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్ వస్తే క్యాబిన్, తొట్టి ఇక్కడ కడతారు. ఒక షెడ్డు ముందు మావాడు కదల్లేదు. వెల్డింగ్ చేసేవాళ్లకి తెలుగు రాదు, వీడి తమిళం అంతంతమాత్రం. డ్రైవరన్నే మధ్యలో నిలబడి అటు ప్రశ్నలు, ఇటు జవాబులు అందించాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. ఒక్కసారి గడియారం చూసుకోలేదు ఆ మనిషి.

దిండిగల్ ముందు పంక్చర్. “ఈ పని నీది” అని స్పానర్ వీడి చేతికిచ్చాడు. చక్రాలకి రాళ్లడ్డం పెట్టించాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయించాడు, ఆ తర్వాతే జాకీ. బండి కింద వేలాడే స్టెప్నీ దించేసరికి వీడి చొక్కా మసి అయిపోయింది. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి బిగించమన్నాడు. స్టీరింగ్ అడిగితే మాత్రం ససేమిరా ఇవ్వలేదు. పదిహేడేళ్లవాడికి లైసెన్సెక్కడిది!

పాంబన్‌లో గైడ్ అక్కర్లేకపోయింది. 1914 నాటి పాత రైలు వంతెన నడిమి భాగం రెండుగా విచ్చుకునేదని, దాన్ని మనుషులే తిప్పేవాళ్లని, 2025లో తెరిచిన కొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగం నిలువుగా పైకి లేస్తుందని మావాడే నాకు చెప్పాడు. రాత్రంతా ఫోన్లో చదివాడట. ధనుష్కోటిలో 1964 తుఫాను మిగిల్చిన చర్చి గోడల దగ్గర నేను ఎక్కువసేపున్నాను. వాళ్లిద్దరూ కన్యాకుమారి దారిలో ముప్పందల్ గాలిమరల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు ఆదివారాలు వీడు ఆ ట్రావెల్స్ షెడ్డుకే పోతున్నాడు. ఆటోమొబైల్ డిప్లొమానా, బీఈ మెకానికలా అని ఇంట్లో రోజూ వాదన. ఏదైనా ఒకటి కావాలని వీడు వాదించడం మాకు కొత్త, వాళ్ల నాన్నకీ నాకూ ఎంత సంతోషమో చెప్పలేను.

బుక్ చేసేటప్పుడు పలమనేరు డ్రైవరన్న ఖాళీగా ఉన్నాడా అని అడగండి, లేకపోతే తేదీ మార్చుకోండి. షెడ్డు కిలోమీటర్ల సంగతి కాగితం మీద రాయించుకోండి. ముందు సీటు పిల్లాడికే ఇవ్వండి.