విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద గైడెడ్ వాక్: వెళ్లొచ్చు, చెప్పులు మాత్రం చూసుకోండి

ఇచ్చిన డబ్బులకి న్యాయం జరిగింది, ముందు అది చెప్పేస్తున్నా. ఆటుకి నీళ్లు వెనక్కి లాగినప్పుడు రాళ్ల మీద తిప్పి, గుంటల్లో మిగిలిపోయిన ప్రాణుల్ని చూపిస్తారు. తెల్లారకుండానే రమ్మన్నారని మావాళ్లు సణిగారు గానీ, ఆటుపోట్లు మన టైమ్ చూసుకుని రావు కదా.

బాగా నచ్చింది సన్యాసి పీతల దగ్గర ఆగడం. వాటికి సొంత గుల్ల ఉండదు, చచ్చిన నత్తల గుల్లల్లో దూరి బతుకుతాయి, ఒళ్లు పెరిగేకొద్దీ పెద్దది కావాలి, దానికోసం కొట్టుకుంటాయి కూడా. ఒకటైతే ఖాళీ గుల్లని అటూ ఇటూ దొర్లించి, లోపల తడిమి చూసుకుని, చటుక్కున అందులోకి మారిపోయింది. అందుకే గుల్లలు ఏరుకెళ్లొద్దని గైడ్ గట్టిగానే చెప్పాడు. నా పక్కావిడ కొంగుమూట మెల్లగా విప్పేసింది!

రాబర్ట్ పెయిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించీ చెప్పాడు. 1960ల్లో అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో ఆయన కొంత మేర రాళ్ల మీది స్టార్‌ఫిష్‌లని ఏరిపారేస్తూ పోతే, అవి తినే మసెల్స్‌కి (రాళ్లకి అతుక్కునే ఒక రకం ఆల్చిప్పలు) అడ్డు లేకుండా పోయి, చోటంతా ఆక్రమించేసి, 15 రకాల జీవులు కాస్తా 8కి పడిపోయాయి. తినేవాడుంటేనే మిగతావాళ్లకి చోటన్నమాట.

బ్యాచ్ మాత్రం మరీ పెద్దది, అలల హోరులో వెనకున్నవాళ్లకి సగం వినపడలేదు. నాచు మీద హవాయి చెప్పులు జారతాయి, రాళ్లకి అతుక్కుని ఉండే బార్నకిల్స్ అనే పదునైన గుల్లల జీవులు కాళ్లు కోసేస్తాయి, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోమని బుకింగప్పుడే చెప్పాల్సింది. ఐదుకి నాలుగు స్టార్లు.